మేడ మీద పాలరంగు గది

ఇంకా కట్టని ఇళ్ళకి ఫోటోలు తీయడం నా పని. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్ళు ఒక్క క్షణం నా మొహంలోకి చూసి నవ్వుతారు. మా బావైతే కొత్తవాళ్ళు ఎవరొచ్చినా, "లేనిది ఉన్నట్టు చూపించడంలో మా మరదలి తర్వాతే ఎవరైనా" అని పరిచయం చేస్తాడు. పొగుడుతున్నాడో దెప్పుతున్నాడో ఇప్పటికీ నాకు తెలీదు.

నిజానికి అందులో మాయేమీ లేదు. గదిని కొలతల ప్రకారం కంప్యూటర్లో కడతాను. గోడని గోడలా, అద్దాన్ని అద్దంలా కనిపించేలా చేస్తాను. ఏ ఊరు, ఏ తేదీ, ఎన్ని గంటలు అన్నది చెబితే చాలు, ఆ నిమిషానికి సూర్యుడు ఎక్కడుంటాడో కంప్యూటరే లెక్కగట్టి ఎండనీ నీడనీ పరిచేస్తుంది. ఆఖర్న ఆ గదిని అసలు భవనం ఫోటో మీద అతుకు తెలియకుండా అతికిస్తాను. చూసినవాళ్ళు "ఎప్పుడు కట్టారండీ?" అని అడగాలి. అడిగారంటే నేను గెలిచినట్టు. ఆ గెలుపు పిచ్చి నాకు కాస్త ఎక్కువే. జరిగిందంతా ఆ పిచ్చి వల్లే కాబట్టి ముందే ఒప్పుకుంటున్నాను.

మా అక్కావాళ్ళది పాత భవనం. కింద బావ పుస్తకాల బైండింగ్ షాపు, మొదటి అంతస్తులో కాపురం, రెండో అంతస్తు నిండా కాగితం కట్టలు. రెండు పక్కలా పెద్ద భవనాలు లేవడంతో ఇంట్లోకి వెలుతురు రాదు. మధ్యాహ్నం పూట కూడా లైటు వేసుకోవాల్సిందే. ఇల్లంతా జిగురు వాసన, కాగితం దుమ్ము.

వాళ్ళకి ఒక్కతే కూతురు. ఎనిమిదేళ్ళది. పేరు వేరే ఉంది గానీ అందరం పిచ్చుక అనే పిలుస్తాం, ఎందుకంటే ఒక్కచోట కుదురుగా ఉండదు. తింటూ తిరుగుతుంది, తిరుగుతూ మాట్లాడుతుంది. ఎలాగో బతిమాలి కుర్చీలో కూర్చోబెట్టినా కుడికాలు ఊపుతూనే ఉంటుంది. "ఆ కాలు ఆపవే, నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అని అక్క రోజుకి పదిసార్లు అరుస్తుంది. అన్నీ ఆపుకోగలదు గానీ ఆ కాలు మాత్రం ఆపుకోలేదు.

ఆ దుమ్ముకి పిల్లకి పొడిదగ్గు పట్టుకుంది. మందులతో తగ్గలేదు. గాలీ వెలుతురూ ఉన్నచోట పడుకోబెట్టండి అన్నాడు డాక్టరు. మేడ మీద గది వేద్దామని అక్క అంటే, పాత భవనం బరువు మోస్తుందో లేదో అని బావ నీళ్ళు నమిలాడు. గోడలకి ఇటుక వద్దు, తేలికపాటి పాలరంగు పలకలు పెడదాం అన్నాను నేను. వెలుతురుని లోపలికి రానిస్తాయి, లోపలి మనిషిని మాత్రం నీడలా మసకగా చూపిస్తాయి. చీకటి పడి లోపల లైటు వేస్తే గది గదంతా పెద్ద దీపంలా ఉంటుంది. బావకి నోటితో చెబితే ఎక్కదు. బొమ్మ చూపించాలి.

నవంబరు పంతొమ్మిదిన ఎదురింటి మేడెక్కి అక్కావాళ్ళ భవనాన్ని ఫోటో తీశాను. ఆ ఇంటాయన రిటైరైన లెక్కల మాస్టారు, ఒంటరి మనిషి. నేను ఫోటో తీసినప్పుడు సాయంత్రం ఐదూ యాభై రెండు. సూర్యుడు దిగిపోయి ఆకాశం ఇంకా నీలంగా ఉండే ఆ కాసేపూ మాకు చాలా ముఖ్యం. ఏ భవనమైనా ఆ వేళకి అందంగానే ఉంటుంది.

ఇలాంటి బొమ్మల్లో మనుషులు ఉండాలి. లేకపోతే ఎంత మంచి గదైనా అద్దెకి పోని ఇల్లులా ఉంటుంది. అందుకని మా వృత్తిలో ఫోటోల్లోంచి కత్తిరించిన మనుషుల్ని కొనుక్కుంటాం. నా దగ్గర రెండొందల మంది ఉన్నారు. కాఫీ కప్పు పట్టుకున్న బట్టతలాయన ఇప్పటికి నలభై భవనాల్లో కాఫీ తాగాడు. ఎర్ర సంచీ అమ్మాయి ఎక్కని మెట్లు లేవు. వాళ్ళతో ఒకటే చిక్కు. ఎప్పుడో మిట్టమధ్యాహ్నం తీసిన ఫోటోలవి. సాయంత్రం బొమ్మలో పెడితే ఒంటి మీద పన్నెండింటి ఎండ అలాగే ఉంటుంది. ఎంత దిద్దినా నా కంటికి దొరికిపోతుంది.

నేను తీసిన ఫోటోలో ఒకావిడ ఉంది. అక్కావాళ్ళ మేడ మీద, నీళ్ళ ట్యాంకు పక్కన నిలబడి ఉంది. పొడుగ్గా, సన్నగా, చేతులు రెండూ కిందికి వేలాడేసి. మొహం సరిగ్గా పడలేదు. తీసేటప్పుడు నేను గమనించలేదు. షాపులో పనిచేసే ఆవిడెవరో గాలికి పైకి వచ్చి ఉంటుందిలే అనుకున్నాను. నాకు నచ్చిందేమిటంటే, ఆవిడ మీద పడ్డ వెలుతురు. సరిగ్గా నాకు కావలసిన వెలుతురే.

నాకు పని నేర్పిన సార్ ఒకటే మాట చెప్పేవారు. "కొన్న మనుషుల్నే పెట్టు. ఉన్నచోటి మనుషుల్ని కత్తిరించి పెట్టకు. తర్వాత వాళ్ళొచ్చి అడుగుతారు." ఆయన అనుమతి గురించి చెబుతున్నారనుకున్నాను. అక్క ఇంటి బొమ్మకి ఎవరొచ్చి అడుగుతారు నన్ను?

ఆవిడని కత్తిరించాను. తీసుకెళ్ళి గది లోపల, వెనక గోడ దగ్గర నిలబెట్టాను. ముందు వైపు బల్ల వేసి, ఫోన్లో ఉన్న ఫోటో ఒకటి తీసి పిచ్చుకని బల్ల దగ్గర కూర్చోబెట్టాను. పలకల మీద రెండు నీడలు. చదువుకుంటున్న పిల్ల, వెనక నించుని చూసుకుంటున్న తల్లి. ట్యాంకు పక్కన ఆవిడ ఉన్నచోటు ఖాళీగా ఉంటే, గోడ రంగుతో పూడ్చేశాను. తేదీ అడిగిన దగ్గర నవంబరు పంతొమ్మిది, ఐదూ యాభై రెండు అని కొట్టాను. సంవత్సరం మాత్రం తర్వాతది వేశాను, అప్పటికి గది ఉంటుంది కదా అని.

బొమ్మ చూసి బావ దాన్ని లైటు కిందికి తీసుకెళ్ళి మళ్ళీ చూశాడు. తర్వాత, "ఎప్పుడు కట్టారండీ?" అన్నాడు నవ్వుతూ. గెలిచాను.

సెప్టెంబరుకల్లా గది పూర్తయింది. మేస్త్రీ నా బొమ్మని జేబులో పెట్టుకుని తిరిగాడు. బల్ల కూడా నేను వేసిన చోటే వేశాడు. బావ ఆ బొమ్మకి ఫ్రేము కట్టించి మెట్ల దగ్గర తగిలించాడు. పిచ్చుక దగ్గు తగ్గడం మొదలైంది. అక్క మొహంలో నవ్వు చూసి నాకు గర్వంగా ఉండేది, అబద్ధం ఎందుకు.

అక్టోబరులో ఒకరోజు పిచ్చుక ఫోన్ చేసింది. అక్క తన పాత ఫోను దానికిచ్చి మేడ గదిలో ఉంచింది, ఏదైనా కావాలంటే పిలవమని. అది మాత్రం నాకే చేసేది.

"పిన్నీ, ఆవిడ ఎప్పుడు వెళ్ళిపోతుంది?"

"ఏ ఆవిడే?"

"గదిలో ఆవిడ. చీకటి పడితే వచ్చి గోడ దగ్గర నించుంటుంది."

"ఏ గోడ దగ్గర?"

"నువ్వు నిలబెట్టావు కదా, అక్కడే."

రోజూ మెట్ల మీద ఆ బొమ్మ చూస్తోంది కదా, పిల్ల ఊహలే అనుకున్నాను. అక్కతో చెబితే, "చదువు తప్పించుకోడానికి దాని వేషాలు" అని కొట్టిపారేసింది. మాటల్లో మాటగా అడిగాను, షాపులో పనిచేసే ఆ పొడుగాటావిడ ఇంకా ఉందా అని.

"షాపులో ఆడవాళ్ళు ఎక్కడున్నారే?" అంది అక్క. "మీ బావా, ఇంకో ఇద్దరు మగాళ్ళూ. అంతే."

ఇంటికెళ్ళాక ఆ పాత ఫోటో తెరిచి చూద్దామనుకున్నాను. పనిలో పడి మరిచిపోయానని చెప్పొచ్చు గానీ, అది నిజం కాదు. చూడబుద్ధి కాలేదు.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. నాకో కోరిక ఉంది. నా పనితనం చూపించే పుస్తకంలో ఒక పేజీలో నా బొమ్మ, పక్క పేజీలో కట్టాక తీసిన అసలు ఫోటో. రెంటికీ తేడా తెలియకూడదు. అది కుదరాలంటే వెలుతురు కూడా అదే ఉండాలి. అంటే అదే తేదీ, అదే సమయం. నవంబరు పంతొమ్మిది, ఐదూ యాభై రెండు.

ఆ రోజు ఐదింటికల్లా వెళ్ళిపోయాను. బొమ్మలో ఉన్నట్టే మేడ మీద తీగకి నీలం దుప్పటి ఆరేయించాను. పిచ్చుకని బల్ల దగ్గర కూర్చోబెట్టి, పుస్తకం తెరిపించి, లైటు వేశాను.

"చీకట్లో ఒక్కో ఫోటోకి ఇరవై సెకన్లు పడుతుందే. ఆ ఇరవై సెకన్లలో ఏది కదిలినా పొగలా చెరిగిపోతుంది. నేను అయిపోయిందని చెప్పేదాకా కదలకూడదు. ఒకటి నుంచి ఇరవై లెక్కపెట్టుకుంటూ ఉండు."

"కాలు కూడా కదపకూడదా?"

"నీ కాలు సంగతి నాకు తెలుసు గానీ, నువ్వు మాత్రం కదలకు."

అది నవ్వలేదు. "నువ్వూ ఇక్కడే ఉండొచ్చు కదా పిన్నీ" అంది. నేను దాని తల నిమిరి, దాని ఫోను నుంచి నాకు కాల్ కలిపి, స్పీకర్లో పెట్టి బల్ల మీద ఉంచి వచ్చేశాను. అలా వచ్చేసినందుకు నన్ను నేను ఎప్పటికీ క్షమించుకోలేను.

ఎదురింటి మేడ మీద కెమెరా నిలబెట్టాను. అరనిమిషానికో ఫోటో దానంతటదే తీసుకునేలా పెట్టాను. మాస్టారు పైకి వచ్చారు.

"మీ అక్క అత్తగారికి ఎలా ఉందమ్మా?"

"ఆవిడ పోయి పదేళ్ళయింది మాస్టారూ. అక్కావాళ్ళు ఈ ఇల్లు కొనకముందే."

"మరి ట్యాంకు పక్కన నించునేది ఎవరు?" అన్నారాయన. "నేను ఇక్కడికొచ్చి ఐదేళ్ళయింది. అప్పట్నుంచీ చూస్తున్నా. చీకటి పడే వేళకి వచ్చి నిలబడేది. వానొచ్చినా కదిలేది కాదు. మీరు గది వేశాక బయట కనబడటం లేదు. పోన్లే పాపం, లోపల చోటు దొరికినట్టుంది అనుకున్నా."

లెక్కల మాస్టారు కదా, తన లెక్క సరిపోయినట్టు తలాడించి కిందికి వెళ్ళిపోయారు. టైము చూశాను. ఐదూ నలభై ఏడు. అప్పుడే పిచ్చుకని బయటికి రమ్మని ఉండాల్సింది. ఎదురుగా నా గది నీలం ఆకాశం కింద వెలుగుతూ ఉంది. బల్ల దగ్గర ఒక్క చిన్న నీడ. ఇంకెవరూ లేరు. చేతిలో ఉన్న బొమ్మతో పోల్చి చూసుకున్నాను. దుప్పటి, తీగ, ఆకాశం... అన్నీ సరిపోతున్నాయి. ఇంకో ఐదు నిమిషాలు. ఒక్క ఫోటో. తీసుకుని దిగిపోదాం అనుకున్నాను.

చెవిలో పిచ్చుక గొంతు సన్నగా వినబడుతోంది. "పదిహేడు... పద్దెనిమిది... పంతొమ్మిది... ఇరవై. ఒకటి... రెండు..."

వీధిలో బళ్ళ మోత తగ్గింది. గాలి ఆగింది. తీగ మీద దుప్పటి వేలాడుతూ నిలిచిపోయింది. ఎక్కడినుంచో తడిబట్ట మూటగట్టి రోజుల తరబడి మరిచిపోయినట్టు ముక్కిపోయిన వాసన వచ్చింది. చుట్టూ చూశాను. మాస్టారి మేడ మీద బట్టలేమీ లేవు.

ఐదూ యాభై రెండు.

వెనక గోడ దగ్గర నిలువుగా ఒక నీడ ఉంది.

అది నడిచి రాలేదు. తలుపు తెరుచుకోలేదు. లేదు... ఉంది. అంతే. పొడుగ్గా, సన్నగా, చేతులు రెండూ కిందికి వేలాడేసి. చేతిలో బొమ్మ చూశాను. గది చూశాను. నేను ఎన్నాళ్ళనుంచో కోరుకున్నట్టే, రెంటికీ తేడా లేదు.

"పిచ్చుకా" అన్నాను. "అమ్మా... మెల్లగా లేచి బయటికి వచ్చెయ్."

లెక్క ఆగింది.

"కదలొద్దన్నావు కదా పిన్నీ" అని గుసగుసగా అంది.

"ఇప్పుడు కదులు. నేనే చెబుతున్నా. వచ్చెయ్."

"ఆవిడ కూడా కదలొద్దంటోంది."

నేను పరిగెత్తాను. మాస్టారి మెట్లు ఎలా దిగానో తెలీదు. అక్కకి ఫోన్ చేద్దామంటే ఈ కాల్ కట్ చేయాలి. దానికి ధైర్యం చాలలేదు. చెవిలో మళ్ళీ లెక్క మొదలైంది. ఒకటి... రెండు... మూడు... ఏడుపు ఆపుకుంటూ లెక్కపెడుతోంది నా తల్లి. వీధి దాటాను. "బావా!" అని అరిచాను. కాగితం కోసే మెషీను మోతలో ఆయనకి వినబడలేదు. మొదటి అంతస్తు. ఎనిమిది... తొమ్మిది... రెండో అంతస్తు. జిగురు వాసన... దాని వెనకే ఆ ముక్కిన వాసన. పన్నెండు దగ్గర పిచ్చుక గొంతుతో ఇంకో గొంతు కలిసింది.

"పదమూడు... పద్నాలుగు..."

రెండు గొంతులూ కలిసి. తొందర లేకుండా.

నేను మేడ మీద తలుపు తోసేసరికి రెండూ ఆగిపోయాయి. కాల్ తెగిపోయింది. గది తలుపు లాగాను. లోపల లైటు వెలుగుతోంది. వెనక గోడ దగ్గర ఎవరూ లేరు. పిచ్చుక బల్ల దగ్గర వీపు నిటారుగా పెట్టి కూర్చుని ఉంది, కళ్ళు పుస్తకంలో.

ఎత్తుకున్నాను. ఎప్పుడు ఎత్తుకున్నా కాళ్ళు ఆడిస్తూ గింజుకునే పిల్ల, కాగితం కట్టలా బరువుగా, కదలకుండా ఉంది. ఒళ్ళు చల్లగా ఉంది. ఊపిరి మాత్రం ఆడుతోంది. నాకు అదే చాలు. బయటికొచ్చి కాలితో తలుపు మూసి, గడియ పెట్టి, వెనక్కి చూడకుండా దిగిపోయాను.

అక్క నన్ను చెడామడా తిట్టింది. తిట్టాల్సిందే. పిచ్చుకకి వేడిపాలు పట్టి, దుప్పటి కప్పి, భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టింది. పాలన్నీ తాగి పుస్తకం ముందేసుకుంది. "భయమేసిందా అమ్మా?" అని అడిగితే లేదన్నట్టు తలూపింది. నాకు ఏడుపు ఆగలేదు. బావ షాపు కట్టేసి వచ్చి, కథంతా విని, "లేనిది చూపించే మరదలు ఇవాళ లేనిది చూసొచ్చింది" అన్నాడు. అన్నాడే గానీ ఆయన కూడా పైకి వెళ్ళలేదు.

ఏడింటికి మాస్టారు కెమెరా మోసుకుంటూ వచ్చారు. "వదిలేసి పరిగెత్తావేమ్మా? ఇది దానంతటది టకటకా తీసుకుంటూనే ఉంది" అని చెప్పి ఇచ్చి వెళ్ళారు. చూడకుండా ఉండలేకపోయాను. పిచ్చుక పక్కనే కూర్చుని ఒక్కో ఫోటో జరుపుతూ వచ్చాను.

మొదటివాటిలో బల్ల దగ్గర చిన్న నీడ ఒక్కటే. ఒళ్ళంతా స్పష్టంగా ఉంది, కుడికాలు మాత్రం పొగలా చెరిగిపోయి ఉంది. పాపం, ఎంత చెప్పినా ఆ కాలు ఆపుకోలేదు. తర్వాత యాభై రెండుకి గోడ దగ్గర ఆవిడ. అంచులు కత్తెరతో కత్తిరించినట్టున్నాయి. అలాంటివి ఇంకో మూడు. ఆ తర్వాతి దాంట్లో నేను, పరుగులో ఉన్నాను కాబట్టి మరకలా పడ్డాను. మరకలాంటి నా నీడ చేతుల్లో ఒక బరువు. తలుపు దాటుతున్నాను.

ఆ ఫోటోలోనే బల్ల దగ్గర చిన్న నీడ కూర్చునే ఉంది.

కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాను. తర్వాతిది జరిపాను. గదిలో నేను లేను. గోడ దగ్గర ఆవిడ లేదు. బల్ల దగ్గర చిన్న నీడ ఉంది. తర్వాతిది. తర్వాతిది. ఆరూ ఐదు, ఆరూ ఇరవై, ఆరున్నర... ప్రతి దాంట్లోనూ అదొక్కటే కూర్చుని ఉంది. ప్రతి దాంట్లోనూ దాని కుడికాలు చెరిగిపోయి ఉంది.

కెమెరా బల్ల మీద పెట్టాను. మెల్లగా వంగి బల్ల కిందికి చూశాను. నా పక్క కుర్చీలోంచి రెండు చిన్న కాళ్ళు వేలాడుతున్నాయి. రెండూ నిలకడగా.

అక్క వంటింట్లోంచి తొంగి చూసింది. "చూశావా, ఇవాళ ఎంత బుద్ధిగా కూర్చుందో! వచ్చినప్పట్నుంచీ ఒక్కసారి దగ్గలేదు కూడా."

నా ఫోను మోగింది. తెర మీద పిచ్చుక పేరు. ఆ ఫోను మేడ గదిలో బల్ల మీదే వదిలేశాను. బయట గడియ పెట్టింది నేనే.

ఎత్తి చెవి దగ్గర పెట్టుకున్నాను. ముందు దగ్గు వినబడింది. పొడిదగ్గు, రెండుసార్లు. తర్వాత సన్నటి గొంతు, ఏడ్చి ఏడ్చి అలిసిపోయి...

"పిన్నీ... చాలాసార్లు ఇరవై అయిపోయింది. ఇంక కదలొచ్చా?"

నోరు తెరిచాను. నా పక్కన పుస్తకంలోంచి తల ఎత్తకుండానే పిచ్చుక మెల్లగా అంది.

"కదలొద్దని చెప్పు పిన్నీ."